అందరూ తోడుగా వచ్చినవాళ్లే

మా మామయ్య పొద్దున్నే మంచం దిగగానే గోడ పట్టుకుంటారు. పెళ్లయి నేనా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే చూశాను.

"ఏమైంది మామయ్యా?" అని అడిగితే, "ఇంట్లో నేల వాటం తప్పిందమ్మాయ్" అన్నారు.

అని ఊరుకోలేదు, తాపీమేస్త్రీని పిలిపించారు. మేస్త్రీ గదంతా రసమట్టం పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా బుడగ బుద్ధిగా మధ్యలోనే నిలబడింది.

"మీ నేల నిక్షేపంగా ఉందండీ" అన్నాడు.

"అయితే నీ మట్టం పాడైంది" అని మామయ్య అతన్ని పంపించేశారు.

మామయ్య సిటీ బస్సు డ్రైవరు. రోజూ బస్సు నిండా జనాన్ని వెనకేసుకుని వంతెన దాటుతారు. నేనేమో నర్సుని. ఇంట్లో నర్సుండగా, తల తిరుగుడుకి తాపీమేస్త్రీ చేత వైద్యం చేయించుకునే మామగారిని తలుచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. కొత్త పెళ్లికూతురికి నిద్ర పట్టకపోవడానికి అదొక్కటే కారణమా అని మా ఆయన అడుగుతాడు గాని, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

తమాషా ఏమిటంటే, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నాకప్పగించింది మగవాళ్ల పరీక్షల గదే. బీపీ, షుగరు, బరువు, నడుము కొలత. వేలి మీద చిన్న సూదిపోటు తప్ప ఇంకే బాధా లేదు. పక్క గదిలో ఆడవాళ్లు చోటు చాలక కిటికీ గట్టు మీద కూర్చుంటారు. నా గదిలో బరువు చూసే మిషన్ దుమ్మును తూచుకుంటూ ఉంటుంది. పగలు పనులు మానుకుని రాలేరేమోనని డాక్టరమ్మని బతిమాలి సాయంత్రం కూడా గది తెరిపించాను. ఆ మొదటి సాయంత్రమే బల్ల నిండా మగవాళ్లు! గాల్లో తేలిపోతూ, "ముందెవరండీ?" అన్నాను.

"నాకేం లేదు సిస్టర్. వీడికి తోడొచ్చా" అన్నాడు మా వీధి టైలరు, పక్కనున్న ఎలక్ట్రీషియన్ని చూపించి.

"నాకు నువ్వు తోడేంట్రా? నేనే ఈయనకి తోడొచ్చా" అంటూ ఎలక్ట్రీషియన్ తన పక్కాయన్ని చూపించాడు.

అలా చూపుడువేలు బల్ల చివరిదాకా ప్రయాణించింది. చివర కూర్చున్నాయనకి పక్కన ఎవరూ లేక, గుమ్మం దగ్గర కుళాయి బాగుచేస్తున్న ప్లంబరుని చూపించాడు.

"నేను పనికొచ్చాను బాబోయ్!" అని ప్లంబరు పానా అక్కడే పారేసి పరిగెత్తాడు. రోగి వెళ్లిపోయాడు కాబట్టి తోడొచ్చినవాళ్లూ లేచారు. కుళాయి తెల్లారేదాకా కారింది.

ఇంట్లో ఈ కథ చెబితే మా ఆయన నవ్వి నవ్వి ఎక్కిళ్లు తెచ్చుకున్నాడు. తన నీళ్లు అయిపోతే నా గ్లాసులోవే తాగాడు. అది చూసి నాకు ఎందుకో చెప్పలేనంత సంబరం. మామయ్య మాత్రం నవ్వలేదు.

"వాళ్ల తప్పేముందమ్మాయ్? మగాడన్నాక ఆస్పత్రికి ఇంకొకరి కోసం వెళ్తాడు. తన కోసం ఎవడు వెళ్తాడు?"

ఆ మాటకి మా ఆయన నా వంక చూశాడు. మర్నాడు పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ, నీరసంగా మొహం పెట్టి అన్నాడు.

"నాన్నా, నన్ను పరీక్షకి రమ్మంటోంది మీ కోడలు. ఒక్కణ్ణే వెళ్లాలంటే కాళ్లు వణుకుతున్నాయి."

మామయ్య ఛాతీ రెండింతలైంది. "నేను లేనూ? డ్యూటీ దిగి తిన్నగా వస్తా. పిరికి వెధవా, మీ అమ్మ పోలికే నీకు!"

"ఆ పోలిక లేకపోతే మొహం మీలా ఉండేది. నయం కదూ!" అంది వంటగదిలోంచి అత్తయ్య.

సాయంత్రానికి కొత్త పెళ్లికొడుక్కి ఏదో పరీక్షట అన్న కబురు వీధంతా పాకింది. ఏం పరీక్షో ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకున్నారు. టైలరు, ఎలక్ట్రీషియన్, మేస్త్రీ, ఆఖరికి ప్లంబరు కూడా మా ఆయనకి తోడుగా దిగిపోయారు. టైలరు అతని భుజం తట్టి, "మందులున్నాయిలే తమ్ముడూ, కంగారుపడకు" అన్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు ముద్దొచ్చాడు. కానీ డ్యూటీలో ఉన్నాను.

గొంతు సవరించుకుని అందరికీ వినబడేలా చెప్పాను.

"రోగిని తర్వాత చూస్తాం. ముందు తోడొచ్చినవాళ్లు గట్టివాళ్లో కాదో తేలాలి. మధ్యలో తోడే కూలబడితే రోగి గతేం కాను?"

 అందరూ తలలూపారు.

"నిజమేగా! ముందు నన్ను చూడండి సిస్టర్" అన్నాడు మేస్త్రీ చొక్కా చెయ్యి మడిచి.

అంతే, తోపులాట మొదలైంది.

"నాకు బీపీ నూట నలభై! నీకెంత?"

"నూట ఇరవై."

"అంతేనా? తిండి తినవా?"

నూట ఇరవై వచ్చిన ప్లంబరు చిన్నబోయి, ఇంకోసారి చూడమని నన్ను పోరుపెట్టాడు. నడుము కొలత దగ్గర టైలరు నా టేపు లాక్కుని, నాకు కొలవడం రాదని తనే అందరికీ కొలిచాడు, ప్యాంటుకి రెండంగుళాలు వదులు కలిపి మరీ.

చివరికి మామయ్య కూర్చున్నారు. పట్టీ బిగించాను. మిషన్ మీద రెండు వందలు దాటి అంకె నిలిచింది.

"అందరికంటే పైన!" అని ఎలక్ట్రీషియన్ అరిచాడు. చప్పట్లు. మామయ్య మీసం తడుముకున్నారు. "స్టీరింగ్ తిప్పిన చెయ్యిరా ఇది!"

నాకు మాత్రం నవ్వు రాలేదు. కాసేపు కదలకుండా కూర్చోబెట్టి మళ్లీ చూశాను. అదే అంకె. డాక్టరమ్మ వచ్చి మూడోసారి చూసింది. అప్పటికి చప్పట్లు ఆగిపోయాయి.

"ఇవాళే మాత్రలు మొదలుపెట్టాలి. ఇది దారికొచ్చేదాకా బస్సు ముట్టుకోవద్దు" అంది.

"పరీక్ష మావాడికమ్మా" అన్నారు మామయ్య. గొంతు చిన్నదైంది. "నేను..."

 నేను కింద మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చేతి పట్టీ విప్పుతూ మెల్లగా అడిగాను.

"మామయ్యా, నిజం చెప్పండి. వంతెన మీద ఎప్పుడైనా కళ్లు తిరిగాయా?"

ఆయన తన అరచేతుల్ని చూసుకున్నారు. "మొన్నొకసారి" అన్నారు. "బండి పక్కకి ఆపా. వెనక ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. ఇంజను వేడెక్కిందని చెప్పా అందరికీ."

మా ఆయన వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు.  డాక్టరమ్మ మాత్ర ఇచ్చింది. నేను నీళ్లు పట్టుకొచ్చేసరికి మామయ్య మాత్రని ఎడమ చేతిలో పెట్టుకుని, కుడి చేత్తో ఫోన్ చెవికి ఆనించి, తన బదులు బస్సెక్కబోయే డ్రైవరు మీద విరుచుకుపడుతున్నారు.

"బీపీ ఎప్పుడు చూపించుకున్నావ్? ఏంటీ, ఎప్పుడూ లేదా? సిగ్గులేదురా! వెనక అంతమంది కూర్చుంటే ఎలా నడుపుతున్నావురా బండి?"

గ్లాసు అందించాను. మాత్ర గుటుక్కున మింగి, మూతి తుడుచుకోకుండానే మళ్లీ అందుకున్నారు.

"పెట్టేయకు! నా మాటింకా అవ్వలేదు!"