పసుపు బోటు మీద నల్లపట్టీ

ఎల్లాజీ మావ మీద నాకు ఒళ్ళు మండిపోయిన మాట నిజం. వేసవిలో చేపల వేట ఆపిన రోజుల్లో మా ఒడ్డున బోట్లన్నిటికీ కొత్త రంగులు పడతాయి. చిన్నతల్లి వాళ్ళ నీలం బోటు మీద కలువపూలు, చిలకల జంట, మనవరాలి పేరు, అన్నీ వచ్చేశాయి. మా బోటుకి మాత్రం ఈయన నిలువెల్లా పసుపు పూసి ఊరుకున్నాడు.

మావ ఒకప్పుడు నెల్లిమర్లలో షాపులకి బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక బోట్లకి రంగులేయడానికి మా ఊరొచ్చాడు. వరసకి ఏమీ కాడు గానీ ఊరంతా మావా అనే పిలుస్తాం. ఆయన పని తీరే వేరు. ఒక్క గీత గీసి, కుంచె పక్కన పెట్టి, అంత దూరం నడిచి ఇసక దిబ్బ ఎక్కి కూర్చుంటాడు. కళ్ళు సగం మూసి బోటు వైపు చూస్తాడు. మళ్ళీ వచ్చి ఇంకో గీత.

"ఏటి మావా, నిద్దరొస్తన్నాదా?" అని అరిచాను.

"సూస్తన్నానే గున్నమ్మా."

"కళ్ళు మూసుకుని సూడ్డమేటి, నా మొకం! పువ్వులేవి? నా కొడుకు గోవింద్ పేరేది?"

నా అరుపుల వెనక నా భయం నాకుంది. నా చూపు మసకబారింది. పోయినేడు బోట్లు వస్తుంటే తట్ట పట్టుకుని పరిగెత్తి, "ఒరే గోవిందా" అంటూ వేరేవాళ్ళ బోటు పట్టుకున్నాను. అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది. చేపలెలా ఉన్నాయో చూద్దామని వెళ్ళానని బొంకేశాను. నా కొడుకు గోవింద్‌కి తెలిస్తే నన్నింక ఒడ్డుకి రానివ్వడు, కోడలి చేతికి తట్టిచ్చి నన్ను ఇంట్లో కూర్చోబెడతాడు. ఒడ్డు లేకపోతే నేనేం మనిషిని? కంటి ఆపరేషన్ అంటేనేమో భయం. అందుకే ఎవరికీ చెప్పలేదు. పీత కష్టాలు పీతవి.

మావ చివరికి బోటు మొనకి రెండు పక్కలా ఏటవాలుగా వెడల్పాటి నల్లపట్టీలు వేశాడు. రెండూ మొన దగ్గర కలిశాయి. అంతే, అయిపోయిందన్నాడు.

"ఓలమ్మో, ఇంత బోటుకి ఇదేనా? మిగిలిన సోటంతా బోడిగా ఒగ్గేస్తావా?"

"ఒగ్గేయాల. పువ్వులు దగ్గరికొస్తేనే పువ్వులు, దూరానికి మరకలు. నీలాన్నీ ఆకుపచ్చనీ సముద్రం మింగేస్తాది, పసుపుని మింగలేదు. కెరటాలు అడ్డం, సముద్రం అంచు అడ్డం. ఏటవాలు గీత ఒక్కటుంటే కన్ను దానికాడే ఆగుతాది. సుట్టూ ఖాళీ ఉంటేనే ఆ గీత తెలుస్తాది."

"మరి మొన మీదే ఎందుకు?"

"బోటు ఒడ్డుకొచ్చేది మొనతోనే గదా."

నాకు సగమే అర్థమైంది. అయినా చిన్నతల్లి చిలకలు చూసి నా కడుపు మండుతూనే ఉంది.

వేట మొదలైంది. మొదటి బోట్లు తిరిగొచ్చే పొద్దున సన్నజల్లు, సముద్రమంతా మసక. ఒడ్డున ఆడవాళ్ళందరం తట్టలతో నిలబడ్డాం. చిన్నతల్లి చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, "ఏ బోటు ఎవులిదో ఏటీ తెల్డం లేదే" అంది. ఈసారి తప్పానంటే గోవింద్‌కి తెలిసిపోవడం ఖాయం.

కెరటాల అవతల ఏవో మచ్చలు. వాటి మధ్య ఒక పసుపు. పసుపులో నల్లగా రెండు గీతలు ఏటవాలుగా దిగి ఒకచోట కలిశాయి.

"అదిగో మాది!" అని అరిచాను. అందరికంటే ముందు నేనే పరిగెత్తాను. మొన పట్టుకుంటే మా బోటే! గోవింద్ నవ్వుతూ, "అంత దూరాన్నించి ఎలగ పోల్చేసినావే అమ్మా?" అన్నాడు.

"నా కళ్ళకేటిరా!" అన్నాను. ఆ మాటన్నాక నోరు చేదైంది.

చేపలమ్మేశాక, ఒక పెద్ద వంజరం చేప పట్టుకుని దిబ్బ ఎక్కాను. మావ అక్కడే కూర్చున్నాడు.

"ఎంత పనోడివి మావా! నిన్ను నిద్దరమొకం అనుకున్నాను," అన్నాను. "ఆ కళ్ళు మూసుకోడమేటో మాత్రం ఇప్పటికీ తెల్డం లేదు."

ఆయన చేప అందుకుని, గొంతు తగ్గించాడు. "పోయినేడు నువ్వు వేరే బోటుకాడికి పరిగెత్తడం సూసినాను. కళ్ళు సగం మూస్తే నాకూ అంతా మసకే. నీ కళ్ళతో సూడాల గదే మరి."

అందరూ నవ్విన చోట ఈ మనిషి నవ్వలేదు, నా చూపు అరువు తీసుకుని రోజంతా కూర్చున్నాడు. ఏడుపొచ్చేసింది.

"రంగు ఒక్క యేడే నిలబడతాది గున్నమ్మా," అన్నాడు మావ.

దిబ్బ దిగాను. గోవింద్ వలలు విదుపుతున్నాడు.

"ఒరే గోవిందా, నాకు కళ్ళు కనబడ్డం లేదురా. విజయనగరం తీసుకెళ్ళి ఆపరేషన్ సేయించు," అన్నాను.