బొట్టు పెట్టించుకున్న వైఫై డబ్బా

నేను ఒక వైఫై డబ్బానండి. చదువుకున్నోళ్ళు రూటర్ అంటారు. సామర్లకోటలో మా ఇంటావిడ మంగతాయారు గారు మాత్రం నెట్టు డబ్బా అంటారు, నాకూ అదే బాగుంటది. నల్లగా, టిఫిన్ బాక్సు మూతంత ఉంటాను. నెత్తిన రెండు కొమ్ములు. ఎడం కొమ్ముకి ఎర్ర టేపు చుట్టి ఉంటది. అది మోటార్ల షాపులో వాడే టేపండి, ఒకసారి చుట్టారంటే ఇంక ఊడదు.

పుట్టింది ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో. ఆ రోజు నాతోపాటు కొన్ని వేలమంది పుట్టారు. అందరికీ ఒకటే తాళం. పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఒకే తాళంచెవి ఇచ్చి, ఇంటికెళ్ళాక మార్చుకోండి అని కాయితం మీద సన్న అక్షరాల్లో రాస్తే ఎంతమంది మారుస్తారు చెప్పండి. పైగా నేను పాత మోడల్ని. కొత్తగా కరెంటు ఇస్తే నా వైఫైకి అసలు తాళమే ఉండదు. మనుషులే పెట్టుకోవాలి.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ముందు పనికొస్తది. నా వెనకవైపు సన్న కన్నం ఒకటి ఉంది. లోపల చిన్న మీట. పిన్నీసుతో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే పెట్టిన తాళాలన్నీ మర్చిపోయి, పుట్టినప్పుడు ఎలా ఉన్నానో అలా అయిపోతాను. తాళాలే మర్చిపోతానండి, మనుషుల్ని కాదు.

మొదట నన్ను కొన్నది కాకినాడలో ఒక లాడ్జి. అక్కడ నా పాస్‌వర్డు ఆ లాడ్జి ఫోన్ నంబరే. దాన్ని అట్టముక్క మీద రాసి, తాళాల బోర్డు పక్కన మేకుకి తగిలించారు. గదిలో దిగినోళ్ళూ, దిగనోళ్ళూ, కింద ఆటోస్టాండు వాళ్ళూ అందరూ నా మీదే. వీధి కుళాయి బతుకండి నాది. నీళ్ళు పట్టుకున్నోడు కుళాయికి దణ్ణం పెడతాడా? ఆరేళ్ళు అలాగే గడిచిపోయాయి. ఆ తరవాత కొత్త డబ్బా వచ్చింది, నన్ను మాడిపోయిన బల్బులతో కలిపి అటక మీద పడేశారు.

అక్కణ్ణుంచి దింపింది సూరిబాబు గారు. సామర్లకోట స్టేషను రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు ఆయనది. కాలిపోయిన మోటారు తెస్తే పాత రాగి తీగ కోసేసి కొత్త తీగ చుట్టి ఇస్తారు. యాభై నాలుగేళ్ళుంటాయి, చదువు ఏడో తరగతి. లాడ్జి నీళ్ళ మోటారు బిగించడానికి వచ్చి, పైపు కోసం అటక ఎక్కి నన్ను చూశారు.

"ఇది కాలిపోయిందాండీ?"

"లేదు, ముసలిదైపోయింది. పట్టుకుపోండి," అన్నాడు మేనేజరు.

"ముసలిదైతే ఏవుందండి, లోపల చుట్టిన తీగ, అదే కాయిలు, బాగుంటే చాలు," అని కొమ్ముకి టేపు చుట్టి సంచిలో వేసుకున్నారు. ఆ మాటకి ఆయన మనిషినైపోయాను నేను.

ఆయన వెతుకుతున్నదీ నాలాంటి దాని కోసమే. ఇంటికి కొత్త కోడలు వచ్చింది, పేరు ప్రవల్లిక. కొడుకు వాసు కాకినాడ పోర్టులో క్రేను తిప్పుతాడు. ఆ అమ్మాయి పెళ్ళికి ముందు హైదరాబాదులో, డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని కంప్యూటర్లో టైపు చేసే ఉద్యోగం చేసేది. ఫలానా పేషెంటుకి ఫలానా జబ్బు, ఫలానా మందు అని. పెళ్ళయ్యాక ఇంటి నుంచే చేసుకోమన్నారు కంపెనీవాళ్ళు, కానీ ఒక షరతు మీద. ఇంట్లో వైఫైకి గట్టి తాళం ఉండాలి, ఇంట్లోవాళ్ళ ఫోన్లు తప్ప బయటోళ్ళవి దాంట్లో ఉండకూడదు. అడిగినప్పుడల్లా ఆ తాళం, ఆ ఫోన్ల లెక్క కనపడే పేజీ ఫోటో పంపాలి. తేడా వస్తే ఉద్యోగం ఉండదు.

"అంత పట్టింపు దేనికమ్మా?" అని అడిగారు సూరిబాబు గారు.

"ఆ జబ్బులు మనవి కాదు కదా మామయ్యగారూ. ఎవరో డాక్టరుకి ఒక్కడికే చెప్పుకున్నవి. వాళ్ళ మొగుడికి కూడా చెప్పనివి ఉంటాయి."

ఆయన తలూపారు. ఆ తలూపడం నాకు ఇప్పటికీ గుర్తేనండి. లాడ్జిలో ఆరేళ్ళున్నా, నాలోంచి వెళ్ళేవి మనుషుల మాటలని ఎవరూ అనుకోలేదు.

మొదట్లో మంగతాయారు గారు నన్ను దుమ్ము పడకుండా స్టీలు బిందెల వెనకాల పెట్టి, పైన అల్లిక గుడ్డ కప్పారు. నాకు ఊపిరాడలేదు, వరండా దాకా కూడా నా గాలి వెళ్ళలేదు. సూరిబాబు గారు గుడ్డ లాగేశారు.

"మోటారుకి గాలాడకపోతే ఏవవుద్ది తాయారూ?"

"కాలిపోద్ది."

"మరి ఇదో?"

"ఇది తిరగదు కదండీ," అన్నారావిడ. అయినా ఆయన నన్ను తీసుకెళ్ళి హాలు గోడకి మేకు కొట్టి తగిలించారు. తగిలించడంలో నా వెనకవైపు పైకి వచ్చింది. ఆ కన్నం సరిగ్గా ఆకాశం చూస్తా ఉండిపోయింది.

తాళం వెయ్యడానికి మామా కోడలూ కింద చాప మీద కూర్చున్నారు. ఫోన్లో నా పేజీ తెరిచి ముందు అడ్మిన్ అన్నది మార్చింది ప్రవల్లిక. "ఇది ఇంటి తాళం కాదు మామయ్యగారూ, తాళాలు మార్చేవాడి తాళం. అందుకని ముందు ఇదే మార్చాలి." తరవాత వైఫైకి పేరు, పాస్‌వర్డు. సూరిబాబు గారు షాపు ఫోన్ నంబరు పెడదామన్నారు.

"అది మీ షాపు బోర్డు మీదే ఉంది కదా."

"పోనీ వాసుగాడి పుట్టినరోజు?"

"అది వీధిలో అందరూ కేకు తిన్న రోజు."

చివరికి ఆయన మొట్టమొదట చుట్టిన మోటారు, దాని ఊరు, తీగ గేజీ, అంటే దాని మందం, చుట్ల లెక్క అన్నీ కలిపి ఇంత పొడుగు పాస్‌వర్డు చేశారు. అదేంటో మీకు చెప్పను. చెబితే ఇంక నేనెందుకండీ. తరవాత ఏది ఎక్కడ నొక్కాలో వరసగా చెప్పించుకుని, మోటార్ల లెక్కలు రాసుకునే పుస్తకంలో తన భాషలో రాసుకున్నారు. "మొదట మెయిన్ స్విచ్చి తాళం, తరవాత లైను తాళం" అని. ఆ పుస్తకం ఇంకొకడు చదివినా ఏదో పంపుసెట్టు గొడవ అనుకుంటాడు.

ఆరునెలలు హాయిగా గడిచాయి. నాలో నాలుగే ఫోన్లు, ఒక కంప్యూటరు. పొద్దున్నే ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని కూర్చుంటే నేను ఎంతో ఒద్దికగా పనిచేసేవాణ్ణి.

ఇంతలో దసరా వచ్చింది. ప్రవల్లికా వాసూ కలిసి తునిలో పుట్టింటికి వెళ్ళారు. ఆఫీసు కంప్యూటరు బీరువాలో పెట్టి తాళం వేసుకుని మరీ వెళ్ళిందా పిల్ల. ఆయుధ పూజ రోజు సూరిబాబు గారు షాపులో పట్టకార్లకీ, సుత్తులకీ, వైండింగ్ మిషనుకీ బొట్లు పెట్టి పూజ చేసుకున్నారు. ఇంట్లో పూజ మంగతాయారు గారిది. మిక్సీకి బొట్టు, గ్రైండరుకి బొట్టు, వాసు బండికి బొట్టు. నా దగ్గరికి వచ్చి ఆగారు.

"కోడలి అన్నం నీ చలవే. నీకు పెట్టకపోతే ఎలా," అని నా రెండు కొమ్ములకీ గంధం రాసి కుంకం అద్దారు. నాకు లైట్లు తప్ప కళ్ళు లేవండి, లేకపోతే నీళ్ళు తిరిగేవి.

అగరబత్తి ఎప్పుడూ అరటిపండుకి గుచ్చుతారు. ఆ రోజు పళ్ళన్నీ షాపుకి వెళ్ళిపోయాయి. ఆవిడ అటూ ఇటూ చూశారు. నా నెత్తిన కన్నం కనపడింది. కొలిచి చేసినట్టు సరిపోయింది పుల్ల. ఒరిగిపోతోందని ఇంకాస్త లోపలికి నొక్కి, పడిపోకుండా పట్టుకుని, కళ్ళు మూసుకుని స్తోత్రం చదువుకున్నారు. పది సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.

నా లైట్లన్నీ ఆరిపోయాయి. మళ్ళీ ఒక్కొక్కటే వెలిగాయి.

సాయంత్రం ఆవిడ సూరిబాబు గారితో అన్నారు, "దణ్ణం పెడితే కళ్ళు మూసి తెరిచిందండీ అది."

నేను అన్ని తాళాలూ మర్చిపోయాను. తలుపు బార్లా తెరుచుకుంది. కేబుల్ లైను నాకు వేరే డబ్బాలోంచి వస్తది కాబట్టి నెట్టు మాత్రం ఆగలేదు. సూరిబాబు గారి ఫోన్లో ఏదో కొత్త పేరు కనపడింది, పాస్‌వర్డు అడగలేదు. పండగకి కేబులు వాళ్ళు ఏదో మార్చారు కాబోలనుకుని నొక్కేశారు. మర్నాటికి పక్క వాటా వాళ్ళు వచ్చేశారు. మూడోరోజుకి ఎదురుగా దొరబాబు టీకొట్టు దగ్గర బల్లలు చాల్లేదు. ఒక్క టీ తాగి గంట కూర్చుంటున్నారు జనం. నాకు మళ్ళీ లాడ్జి రోజులు వచ్చేశాయి.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ప్రవల్లిక తుని నుంచి దిగింది. వాసు స్టేషన్నించే డ్యూటీకి వెళ్ళిపోయాడు. పది గంటలకల్లా వైఫై పేజీ ఫోటో పంపమని కంపెనీ నుంచి మెసేజీ వచ్చి ఉంది. బ్యాగు కింద పెట్టకుండానే ఫోన్లో నా పేజీ తెరిచింది.

"మామయ్యగారూ, దీంట్లో ఇరవైమూడు ఫోన్లున్నాయి."

"మనకి నాలుగే కదమ్మా."

"తాళం లేదు. ఎవరో మొత్తం చెరిపేశారు."

కుర్చీ ఎక్కి నన్ను కిందకి దింపారు సూరిబాబు గారు. కన్నంలో పుల్లముక్క విరిగి ఉంది, చుట్టూ బూడిద. దాన్ని పట్టకారుతో లాగి అరచేతిలో పెట్టుకుని చూశారు. మంగతాయారు గారే వచ్చి నిలబడ్డారు.

"నేనే గుచ్చానమ్మా. పండు లేక."

సూరిబాబు గారు అన్నారు, "పుస్తకంలో అన్నీ రాసుకున్నాను. అరగంటలో తాళాలు వేసేస్తాను. ఆ ఫోటోయే పంపెయ్యమ్మా. మధ్యలో ఏం జరిగిందో ఎవరికి తెలుస్తది?"

ప్రవల్లిక ఆయన చేతిలో పుల్లముక్క వైపు చూసింది. "మామయ్యగారూ, కాలిన కాయిలు మీద వార్నీషు పూసి ఎప్పుడైనా కస్టమరుకి ఇచ్చారా?"

ఆయన తల దించుకున్నారు. "ఇవ్వలేదమ్మా."

"నా పేరే రాయి," అన్నారు మంగతాయారు గారు. "అత్తగారు చేసిందని రాయి. నువ్వు ఊళ్ళో లేవని కూడా రాయి."

సూరిబాబు గారు కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఈసారి అన్నీ తన చేత్తోనే చేశారు. మొదట మెయిన్ స్విచ్చి తాళం, తరవాత లైను తాళం. పాత పాస్‌వర్డు పెట్టలేదు, తను చుట్టిన రెండో మోటారు లెక్కలు పెట్టారు. ఒక్కొక్క అక్షరం కొట్టి కోడలికి చూపిస్తా, వైండింగ్‌లో చుట్లు లెక్కపెట్టినంత జాగ్రత్తగా. నాలోంచి ఇరవైమూడు మందీ జారిపోయారు. అయిదు నిమిషాల్లో దొరబాబు గుమ్మంలో ఉన్నాడు.

"సూరి బావా, నెట్టు పోయిందేంటి?"

"పోలేదు దొరబాబూ. ఇప్పుడే ఇంటికొచ్చింది."

"మా కొట్టు ఖాళీ అయిపోయింది కదా."

"మరీ మంచిది. ఇప్పుడన్నా రెండో టీ అడిగేవాడు వస్తాడు."

ప్రవల్లిక రెండు ఫోటోలు పంపింది. ఒకటి తాళాలు వేసిన పేజీది. ఇంకోటి పుల్లముక్కది. కింద మొత్తం రాసింది, ఇరవైమూడు ఫోన్లనీ, మూడు రోజులనీ, ఆఫీసు కంప్యూటరు బీరువాలోనే ఉందనీ. పంపాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్తగారు కాఫీ తెచ్చి పక్కన పెట్టారు, అది చల్లారిపోయింది.

పదకొండున్నరకి ఫోన్ మోగింది. పైఆఫీసరు నిర్మల మేడమ్ అట. స్పీకర్లో పెట్టింది ప్రవల్లిక.

"ఆ పుల్ల అగరబత్తిదేనా?"

"అవును మేడమ్."

"రెండు రోజులు పని ఆపండి. మీ కంప్యూటరు ఇక్కణ్ణుంచి పరీక్ష చేస్తాం. దాన్ని ఎవరూ తెరవలేదని తేలితే మళ్ళీ మొదలుపెట్టండి." చివరగా, "మా ఇంట్లో కూడా పూజ చేశారు. ఒకసారి వెళ్ళి చూసుకుంటాను," అని పెట్టేసిందావిడ.

మూడోరోజు పొద్దున్న ఆ అమ్మాయి చెవులకి పెట్టుకుని మళ్ళీ నా ఎదురుగా కూర్చుంది. ఆ వారంలోనే కంపెనీ నియమాల కాయితంలో కొత్త లైను ఒకటి కలిసింది. రూటరు మీద ఉన్న కన్నాల్లో ఏదీ గుచ్చరాదు అని. అది ఎవరి వల్లో ఆ కంపెనీలో చాలామందికి తెలీదు. నాకు తెలుసు.

ఆ తరవాత రెండేళ్ళు చేశాను. ఈ మధ్య ఇంటికి కొత్త డబ్బా వచ్చింది, నాలుగు కొమ్ములది. నన్ను సూరిబాబు గారు షాపుకి తెచ్చుకుని, వైండింగ్ మిషను పైన అరలో పెట్టుకున్నారు. వైరు లేదు, లైటు వెలగదు. ఆ కన్నం మీద మాత్రం ఎర్ర టేపు ముక్క ఒకటి అంటించి ఉంది.

మొన్న దసరాకి మంగతాయారు గారు షాపుకి వచ్చారు. పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టి, తలెత్తి నన్ను చూశారు.

"అది చచ్చిపోయింది కదే, దానికెందుకు?" అన్నారు సూరిబాబు గారు.

"దానికే ముందు పెట్టాలి," అని స్టూలు ఎక్కారావిడ. నా రెండు కొమ్ములకీ గంధం, పైన కుంకం. తరవాత కిందకి దిగి, కొంగులోంచి ఒక అరటిపండు తీసి, దానికి అగరబత్తి గుచ్చి, నాకు మూరెడు దూరంలో పెట్టారు.