పరీక్షలో లేని ముద్ద

గురువారం ఉదయం పదకొండు గంటలకు పాప ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మూడు మెట్లూ ఎక్కింది. మధ్యాహ్నం భోజనాల వేళకు పసిపిల్లల కేంద్రం ఆమె పేరు తీసేసింది.

ఈ రెండింటికీ సంబంధం ఉందని అమ్మమ్మకు తెలిసేసరికి శుక్రవారం సాయంత్రమైంది. అప్పటిదాకా వీధిలో ఎదురైన ప్రతివాళ్లనీ ఆపి, మనవరాలు పరీక్ష పాసైందని చెప్పుకుంది. బస్సుల డిపోలో తనతోపాటు బస్సులు కడిగేవాళ్లకి బిస్కెట్లు కూడా పంచింది.

పాపకు మూడేళ్లు ఇంకా నిండలేదు. నెలలు నిండకుండా పుట్టింది. మొదటి ఏడాదంతా ముక్కులో గొట్టంతోనే బతికింది. పాలు దాంట్లోంచే పోసేవారు. గొట్టం తీశాక తెలిసిందేమిటంటే, మింగడం ఎలాగో ఆ పిల్ల గొంతుకి తెలియదు. జావ కంటే చిక్కగా ఏం పెట్టినా ఊపిరితిత్తుల దారి పట్టేది. పెదవులు నీలంగా మారేవి. రెండుసార్లు ఆస్పత్రికి ఎత్తుకుని పరుగెత్తారు. రెండోసారి డాక్టరు అమ్మమ్మకూ కూతురికీ ఒకే మాట చెప్పాడు: పిల్ల మింగడం నేర్చుకోకపోతే మళ్లీ గొట్టమే. ఎక్కడ నేర్పుతారో కూడా ఆయనే చెప్పాడు.

చందాల మీద నడిచే ఆ కేంద్రం మూతపడిన బ్యాంకు భవనంలో ఉంది. డబ్బు కట్టించుకునే కౌంటర్ల వెనక బొమ్మలు ఉంటాయి. ఖజానా గదిలో పిల్లల్ని పడుకోబెడతారు. దాని ఇనుప తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టారు. పాపను పొద్దున దింపి కూతురు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేయడానికి వెళ్లేది. అల్లుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. అమ్మమ్మ పని మధ్యాహ్నానికి అయిపోగానే, ఆమె వెళ్లి పిల్లను తెచ్చుకునేది.

అక్కడ అందరూ తిండి టీచరని పిలిచే ఒకావిడ ఉంది. పిల్ల ముఖానికి ఎదురుగా తన ముఖం వచ్చేలా నేల మీద కూర్చుంటుంది. చెంచాతో నాలుకను కాస్త నొక్కి, మెతుకంత ముద్ద పెట్టి, గడ్డం కింద వేలు ఆనించి ఆగుతుంది. గుటక పడిన చప్పుడు వినిపించేదాకా రెండో చెంచా ఎత్తదు. గదిలో ఎవరైనా మాట్లాడితే కళ్లతోనే నోరు మూయిస్తుంది. అలా ఏడాది కూర్చుని పాపను జావ నుంచి మెదిపిన బంగాళాదుంప దాకా తెచ్చింది. అందులోనూ నాలుగైదు చెంచాలే. నమలడం ఇంకా మొదలే కాలేదు. ఇంకో ఆరు నెలలైనా పడుతుందంది.

పరీక్ష సంగతి అమ్మమ్మ గేటు బయట బెంచీ మీద విన్నది. ఏడాదికోసారి పిల్లలకు పరీక్ష పెడతారని అక్కడ కూర్చున్న తల్లులు చెప్పుకుంటున్నారు. ఏమేం చేయిస్తారో ఒక్కొక్కరి దగ్గరా రాబట్టింది. చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. గుంజకు రింగులు తొడగాలి. మూడు మెట్లు ఎక్కాలి. పేరు చెప్పాలి. బొమ్మలో కుక్క ఏదో, బంతి ఏదో చూపించాలి. కూతుర్ని పదో తరగతి గట్టెక్కించింది తనే కాబట్టి మనవరాల్నీ గట్టెక్కిద్దామనుకుంది. ఇంట్లో డబ్బాలు పేర్పించింది. గాజులు గరిటెకు తొడిగించింది. కింది వాటా వాళ్ల మెట్ల మీద పిల్లను రోజూ ఎక్కించి, పైకి చేరగానే తనే చప్పట్లు కొట్టేది. పిల్ల కూడా కొట్టుకునేది.

పరీక్ష రోజున పిల్ల ఒక్కటీ తప్పలేదు. చివరి మెట్టెక్కి వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టింది. పరీక్ష పెట్టిన అమ్మాయి నవ్వింది. ఎవరో కాగితం కిరీటం తెచ్చి పిల్ల తలకు పెట్టి ఫొటో తీశారు. అమ్మమ్మ దాన్ని మొదటి బహుమతి అనుకుంది.

శుక్రవారం సాయంత్రం కూతురు ఫోను పెట్టేసి, గడప మీదే కూర్చుంది.

"అమ్మా, దానికి నువ్వేం నేర్పావు?"

అమ్మమ్మ ఉత్సాహంగా అన్నీ వరసపెట్టి చెప్పింది.

"సోమవారం నుంచి తీసుకురావద్దన్నారు. మార్కులు గీత దాటాయట. బాగుపడ్డవాళ్ల లెక్కలో వేశారట. మన చోటు ఇంకో బాబుకి ఇచ్చేశారు."

అమ్మమ్మకు మొదట అర్థం కాలేదు. పాసైతే పై తరగతిలో వేస్తారు గాని బయటికి గెంటుతారా అని అడిగింది. కూతురు ఫోనులో విన్నదంతా చెప్పింది. చేరడానికి చాలామంది ఎదురు చూస్తున్నారు. చందాలిచ్చేవాళ్లు ఏటా ఎంతమంది బాగుపడ్డారని అడుగుతారు. పరీక్షలో నడక, చేతులు, మాట, గుర్తుపట్టడం ఉన్నాయి. తిండి లేదు.

"కొంచెం తక్కువ నేర్పి ఉండాల్సిందే నువ్వు," అంది కూతురు. అది ఎకసెక్కమో ఏడుపో అమ్మమ్మకు తెలియలేదు. ఒళ్లు మాత్రం భగ్గుమంది.

శనివారం డిపో నుంచి తిన్నగా కేంద్రానికి వెళ్లింది. చీర కుచ్చిళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. కేంద్రం నడిపే పెద్ద మేడం ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించింది. ఇది సంతోషించాల్సిన విషయమని చెప్పింది. పిల్ల ఇంత బాగా చేసిందంటే అది ఇంట్లోవాళ్ల గొప్పతనమేనంది. అమ్మమ్మ ఆ పొగడ్త పూర్తి కానివ్వలేదు. తిండి మాటేమిటని అడిగింది. దానికి ఆస్పత్రి ఉందంది మేడం. ఆస్పత్రివాళ్లే కదా మీ దగ్గరికి పంపిందని అమ్మమ్మ అంది. మేడం, రూలు తను పెట్టింది కాదని, పై ఆఫీసు నుంచి వచ్చిందని, ఒక్కరి కోసం మారిస్తే వంద మంది అడుగుతారని చెప్పింది.

"వంద మందీ అడగాల్సిందే," అని లేచి వచ్చేసింది అమ్మమ్మ.

పరీక్ష పెట్టిన అమ్మాయి గేటు దాకా వెనకాలే వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. పిల్ల వెనకబడిందని చెప్పి మళ్లీ పరీక్ష అడగొచ్చంది. సోమవారమే పెడతానంది. ఆ రోజు మెట్లెక్కకుండా, రెండు చెక్కముక్కలు పడగొడితే చాలు, తను చూసుకుంటానంది. అమ్మమ్మ ఆమెను ఎగాదిగా చూసి, సరేనంది.

ఆదివారం నేర్పింది మరిపించే పని మొదలైంది. అమ్మమ్మ పిల్లను మెట్ల ముందు నిలబెట్టి, ఎక్కొద్దని చెప్పింది. పిల్ల ఆమె ముఖంలోకి చూసి, ఇదేదో కొత్త ఆటనుకుని గబగబా ఎక్కేసింది. పైన నిలబడి చప్పట్లు కొట్టింది. మళ్లీ దింపారు. మళ్లీ ఎక్కింది. డబ్బాలు పేర్చి ఇచ్చి పడగొట్టమంటే, పడగొట్టి, ఇంకా ఎత్తుగా పేర్చింది. కింది వాటా ఆవిడ కిటికీలోంచి చూసి, ఏమిటమ్మా పిల్లకు వెనక్కి పాఠాలు చెబుతున్నారా అని నవ్వింది. అమ్మమ్మ చూసిన చూపుకి కిటికీ వేసేసుకుంది.

"ఒక్కసారి గట్టిగా కసిరితే మానేస్తుంది," అంది కూతురు.

"మెట్లెక్కినందుకు కసరనా? నడుస్తుందో లేదో తెలియదని డాక్టర్లన్న పిల్లని, నడిచినందుకు తిట్టనా?"

"మరి గొట్టం పెట్టించమంటావా?"

"నావల్ల కాదు. నీకు చేతనైతే నువ్వు తిట్టు."

కూతురు మెట్ల దగ్గరికి వెళ్లింది. పిల్ల చేతులు చాచింది. కూతురు ఎత్తుకుని లోపలికి వచ్చేసింది.

సోమవారం అమ్మమ్మ డిపోకు వెళ్లలేదు. పొద్దున్నే బంగాళాదుంప ఉడికించి, తిండి టీచరు చెప్పినట్టే ఉండ కట్టకుండా మెదిపి, చిన్న డబ్బాలో పెట్టింది. చెంచాను కొంగున ముడి వేసుకుంది. పిల్లను చంకనెత్తుకుని కేంద్రానికి వెళ్లింది. పరీక్ష గది వైపు తిరగలేదు. నేరుగా పెద్ద మేడం గదిలోకి వెళ్లింది.

గదిలో మేడంతోపాటు తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. కేంద్రానికి చందాలిచ్చే సంఘం నుంచి చూసిపోవడానికి వచ్చాడు. ఆయన వెనక గోడ నిండా కాగితం కిరీటాలు పెట్టుకున్న పిల్లల ఫొటోలున్నాయి. చివరిది పాపది. ఆయన ఫొటోనీ పిల్లనీ మార్చి మార్చి చూసి, ఈ పాపే కదా అని ముచ్చటపడ్డాడు. అమ్మమ్మను అభినందించాడు.

అమ్మమ్మ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. కొంగు ముడి విప్పి చెంచా పక్కన పెట్టింది.

"పాపకి ఆకలేస్తోంది. మేడం, మీ చేత్తో నాలుగు ముద్దలు పెట్టండి."

మేడం కదల్లేదు. తిండి టీచరును పిలుస్తానంది. అమ్మమ్మ అక్కర్లేదంది. ఆ పెద్దమనిషికి ఇదంతా ఏమిటో తెలియదు. తనకూ మనవలున్నారని, తినిపించడం తనకు అలవాటేనని నవ్వుతూ చెంచా అందుకున్నాడు. నిండుగా తీసుకుని పిల్ల నోటి దాకా తీసుకెళ్లాడు. పిల్ల నోరు తెరిచింది.

మేడం బల్ల మీదుగా వంగి ఆయన మణికట్టు పట్టుకుంది. చెంచాలోది బల్ల మీద పడింది.

"వద్దు. ఊపిరాడదు దానికి."

ఆ మాట నోరు దాటాక మేడం తన చేతివైపే చూసింది. ఆయన మణికట్టును మాత్రం ఆమె ఇంకా వదల్లేదు.

"ఎందుకు వద్దు?" అంది అమ్మమ్మ. గొంతు పెంచలేదు. "బాగుపడిందన్నారు. కిరీటం పెట్టారు. గోడకి అంటించారు. బాగుపడిన పిల్లకి ముద్ద పెట్టడానికి మీకెందుకంత భయం? నేను రోజూ పెట్టాలి. దీని తల్లి రోజూ పెట్టాలి. మేము మాత్రం భయపడకూడదు."

పెద్దమనిషి చెంచా కింద పెట్టాడు. పరీక్షలో తిండి గురించి ఏమీ లేదా అని మేడంని అడిగాడు. లేదందామె. తిండి టీచరు ఇక్కడ చేరింది పరీక్ష తయారైన తరువాతేననీ, దాన్ని మార్చమని పై ఆఫీసుకు రెండేళ్ల కిందటే అడిగామనీ చెప్పింది. మరి ఈ పాపను బాగుపడ్డవాళ్లలో ఎవరు రాశారని ఆయన అడిగాడు. ఏటా ఆ లెక్క అడిగేది మీ సంఘమే కదా అని అమ్మమ్మ ఆయనతో అంది.

మేడం కబురంపితే వచ్చిన తిండి టీచరు ఎవరినీ ఏమీ అడగలేదు. బల్ల మీద పడిన ముద్ద తుడిచింది. నేల మీద కూర్చుని, చెంచా కొసకు కాస్త అంటించి, పిల్ల నాలుక మీద ఆనించి ఆగింది. గుటక పడింది. ఒక్క చెంచాకి పట్టిన సేపు చూసి ఆ పెద్దమనిషి చేతిగడియారం వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

మేడం చివరికి చెప్పింది ఇది. పాత చోటు తిరిగి ఇవ్వడం కుదరదు. దాంట్లోకి ఆ బాబు పొద్దున్నే వచ్చేశాడు. అప్పటికి ఖజానా గదిలో నిద్రపోతున్నాడు. వాణ్ని లేపి పంపమంటే పంపుతానంది. అమ్మమ్మ వద్దంది. రోజంతా ఉంచుకోకపోయినా, వారానికి రెండు పూటలు తిండి టీచరు దగ్గరికి పాపను తీసుకురావచ్చంది మేడం. పరీక్ష మార్చే సంగతి సంఘం సమావేశంలో ఎత్తుతానని పెద్దమనిషి అన్నాడు. సమావేశం ఎప్పుడని అమ్మమ్మ అడిగితే, తేదీ ఇంకా పెట్టలేదన్నాడు.

వెళ్లే ముందు అమ్మమ్మ గోడ దగ్గరికి వెళ్లింది. గోటితో అంచు లేపి పాప ఫొటోను ఊడబీకింది. సున్నం పెచ్చు కూడా ఊడి వచ్చింది. ఏటా అచ్చువేసే పుస్తకంలోకి ఆ ఫొటో ఇప్పటికే వెళ్లిపోయిందని మేడం మెల్లగా చెప్పింది. అమ్మమ్మ ఫొటోను జాకెట్టులో దోపుకుని, పిల్లనెత్తుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర పరీక్షల అమ్మాయి, పరీక్షకు రాలేదేమని అడిగింది.

"మా పిల్ల పాసైంది," అంది అమ్మమ్మ. "ఫెయిలైంది మీరు."

పొద్దున పాపను చూసుకోవడానికి కూతురు లాండ్రీలో సాయంత్రం షిఫ్టుకు మారింది. అందులో పని గంటలు తక్కువ, తెచ్చేదీ తక్కువే. ఆ సంగతి మీద తల్లీ కూతుళ్లు రెండుసార్లు పోట్లాడుకున్నారు.

తరువాతి వారం మంగళవారం ఉదయం తిండి టీచరు పాపకు మెదిపిన బంగాళాదుంపతోపాటు మొదటిసారి పాలలో నానబెట్టిన రొట్టె పెట్టింది. పాప రెండు చెంచాలు మింగింది. మూడోది ఉమ్మేసింది.