గిన్నెల వంతు

సింకు నిండా గిన్నెలు. హాస్టల్ వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించిన వంతుల కాగితంలో ఈ వారం పేరు ఇకేర్‌ది. అయినా ఏతేరి చొక్కా చేతులు పైకి మడిచింది. పరీక్షకు ఇంకా రెండు గంటలుంది. అడుగంటిన మూకుడు గీకుతూ జర్మన్ వాక్యాలు వల్లె వేసుకుంది. ఇకేర్ వచ్చి, అయ్యో నేను కడిగేవాణ్ణి కదా అంటూ తాగిన కాఫీ కప్పు కూడా సింకులోనే పెట్టి పోయాడు. స్పెయిన్‌వాడు, మంచివాడే. మౌఖిక పరీక్షలో ఆమెకు జోడీ అతనే.

ఇవాళ గట్టెక్కితే ఇంకో ఏడాది జర్మనీలో, ఈ యూనివర్సిటీలోనే చదువుకోవచ్చు. లేదంటే మళ్ళీ జార్జియాకి, కుతైసీలోని అత్తగారింటికి. బయల్దేరేనాడు అత్తగారు లమారా, జర్మన్ వచ్చేస్తే పిండి దానంతటదే పులుస్తుంది కాబోలు అంది. భర్త జాజా నవ్వాడు. అత్త మాట కంటే ఆ నవ్వే ఆమెను కాల్చింది. ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో ప్రతి విందుకీ ఇరవైమందికి వండింది. ఇంటి ఇల్లాలి పేరు చెప్పి మగవాళ్ళంతా లేచి నిలబడి వైన్ గ్లాసులెత్తేవారు. ఆ ఇల్లాలు మాత్రం పొయ్యి దగ్గరుండేది.

పరీక్షలో ఇచ్చిన పని తేలికే. ఊరు వదిలి వెళ్తున్న టీచరుకి వీడ్కోలు విందు, ఇద్దరూ మాట్లాడుకుని పనులు పంచుకోవాలి. వంటెవరని ఇకేర్ అడిగాడు. నేను చేస్తానంది. సామాన్లు? నేనే తెస్తాను. తర్వాత గది ఊడవడం? అదీ నేనే. మరి నేను పాటలు పెడతానన్నాడు ఇకేర్. ఒక్క తప్పు దొర్లలేదు. బయటికొస్తుంటే ఆమెకు కాస్త గర్వంగా కూడా ఉంది.

పావుగంట తర్వాత పరీక్షకురాలు హెంకె లోపలికి పిలిచింది.

"మీ జర్మన్ బాగుంది, ఏతేరి గారూ. కానీ ఇక్కడ కాదనాలి, బేరమాడాలి, నువ్వూ చెయ్యమని అడగాలి. దానికే మార్కులు. మీరు ఒక్కసారి కూడా కాదనలేదు."

నాలుగు మార్కుల తేడాతో పోయింది. ఆరు వారాల్లో ఇంకొక్కసారి రాయొచ్చట, అదే ఆఖరు. ఏతేరి బాత్రూములో కుళాయి తిప్పి, ఏడుపు బయటికి వినపడకుండా ఏడ్చింది. తన ఖర్మ కాకపోతే, మంచి కోడలని పేరు తెచ్చిన గుణమే ఇక్కడ ముంచాలా?

హాస్టల్‌కి వచ్చి వంటింట్లో నీళ్ళు తాగుతుంటే జాజా ఫోను. సంగతి చెప్పింది.

"పోయిందా? పోనీలేవే. అమ్మ కాళ్ళు వాచాయి, వంటకి ఇబ్బందిగా ఉంది. శనివారానికి టిక్కెట్ తీస్తున్నా, వచ్చెయ్."

సరే అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు కాదంటే ఆ ఇంటి తలుపు మళ్ళీ తెరుచుకోకపోవచ్చని ఆమెకు తెలుసు.

"రాను," అంది.

ఫోను కట్టయింది. సింకులో పొద్దుటి కప్పు అలాగే ఉంది. ఏతేరి దాన్ని తీసుకెళ్ళి ఇకేర్ గది తలుపు తట్టింది.

"ఈ వారం వంతు నీది, ఇకేర్. నేను కడగను."

వాక్యం పూర్తిచేసి, కప్పు అతని చేతిలో పెట్టింది.