మడతల్లో పోయిన మాట

మొంబాసా పాత ఊళ్ళో మా సందు చివరి ఇంటి పెరట్లో సౌము కంగాలు అచ్చు వేసేది. కంగా అంటే ఆడవాళ్ళు ఒంటికి చుట్టుకునే బట్ట, జతగా వేస్తారు; నాలుగు వైపులా అంచు, నడుమ బొమ్మ, బొమ్మ కింద ఒక వాక్యం. మా ఆడవాళ్ళు నోటితో అనలేని మాటను ఆ వాక్యంలో అచ్చు వేయించుకుని, ఎవరికి తగలాలో వాళ్ళ ఎదురుగా కట్టుకుని తిరుగుతారు.

ఒకరోజు పొద్దున్నే బీ జుహురా వచ్చి సౌము బల్ల పక్కన కూర్చుంది. భర్త పోయాక ఇల్లు కదలకుండా ఉండాల్సిన నాలుగు నెలల గడువు ఈమధ్యే తీరింది. ఆ వెంటనే పక్కింటి బీ కిబిబి పెద్దకూతురి పెళ్ళి జరిగింది. మా సందులో ఏ పెళ్ళికైనా పిలావు వండేది జుహురాయే. కిబిబి మాత్రం రేవు దాటి లికోని నుంచి వంటవాళ్ళను పిలిపించుకుంది.

"ఇలా రాయి," అంది జుహురా. "నన్ను మరిచావు, నేను మరవలేదు."

"సరే పిన్నీ. నడుమ ఏం బొమ్మ వెయ్యను?"

"జీడిపళ్ళు వెయ్యి. కాఫీ కూజా వెయ్యి. గులాబీలు, అనాసకాయ, ఒక దీపం కూడా."

"అన్నీనా? అన్నీ కలిసి అరిస్తే ఏదీ వినబడదు పిన్నీ. ఒక్కటే పెద్దగా వేసి చుట్టూ ఖాళీ వదిలితే, చూపు ముందు దాని మీద ఆగుతుంది. అక్కణ్ణించి కిందికి దిగి మాట చదువుతుంది."

"ఖాళీయా? ఖాళీకి కూడా నీకు కూలివ్వాలా ఏంటి?"

సౌముకి నవ్వొచ్చింది. అక్షరాలైనా లావుగా, తిన్నగా ఉండనివ్వమంది. జుహురా ఒప్పుకోలేదు. మల్లెతీగల్లా మెలికలు తిరగాల్సిందేనంది. ముదురు ఎరుపు మీద వంకాయ రంగు కావాలంది.

"రెండూ ముదురే, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అక్షరాలకి తెలుపు పెడతాను."

"తెలుపా! గడువంతా తెలుపే కట్టాను. చాల్లే తల్లీ."

సౌము ఇక వాదించలేక చెప్పినట్టే వేసింది. బల్ల మీద పరిచి, వంగి చూస్తే వాక్యం చదవగలిగేలాగే ఉంది. పర్వాలేదనుకుని జత మడిచి ఇచ్చేసింది.

శుక్రవారం జుహురా ఆ కంగా నడుముకు చుట్టుకుని కిబిబి గుమ్మం ముందు అటూ ఇటూ నడిచింది. కిబిబి పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది.

"జుహురా, ఆగవే. ఇటు తిరుగు. అబ్బ, ఎంత బాగుందో! ఆ తీగలేంటి, మల్లెలా?"

"తీగలు కావు, అక్షరాలు."

"అక్షరాలా! ఏం రాశారు?"

పైకి అనగలిగితే కంగా దేనికి? "చదువుకో," అంది జుహురా.

కిబిబి కళ్ళు చికిలించి చూసింది. సగం వాక్యం మడతలో పడిపోయింది. మిగతా సగం గులాబీల్లో కలిసిపోయింది. "ఇది అక్షరమా, పామా? పోనీలే. జతలో రెండోది ఎవరికిచ్చావు?"

"ఇంకా ఎవరికీ ఇవ్వలేదు."

"అయితే నాకియ్యవే."

మా దగ్గర జతలో సగం అడిగితే కాదనడమంటే ఇక నీకూ నాకూ చెల్లు అని నడివీధిలో చెప్పడమే. అంతపని చెయ్యడానికి జుహురాకి మనసు రాలేదు. లోపలికి వెళ్ళి తెచ్చి ఇచ్చింది.

మర్నాడు ఆ ఇద్దరూ ఒకే కంగా కట్టుకుని చేపల బజారుకు వెళ్తుంటే సౌము పెరటి గోడ మీంచి చూసింది. ముందు నవ్వు ఆగలేదు. తర్వాత మనసు చివుక్కుమంది. నాలుగడుగుల దూరం నుంచి తన పని తనకే చదవడానికి రాలేదు.

ఆదివారం కిబిబి ఆ కంగాను చేతి మీద వేసుకుని జుహురా ఇంటికి వచ్చింది.

"ఇస్త్రీకి పరిస్తే కనబడింది. నా గురించేనా?"

"నీ గురించే."

"మరి అడగ్గానే ఎందుకిచ్చావే?"

"అడిగావు కదా!"

కిబిబి చాప మీద కూలబడింది. "పెళ్ళినాటికి నీ గడువు తీరి వారం కూడా కాలేదు. పిలిస్తే కాదనలేక వస్తావు. నిన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను."

"ఏడిస్తే ఏడ్చేదాన్ని. వంటా చేసేదాన్ని. నాలుగు నెలలు గోడలు చూస్తూ కూర్చున్నాను కిబిబీ. మీ ఇంటి మసాలా వాసన కిటికీలోంచి వస్తుంటే తలుపులు బిగించుకున్నాను. ఒక్క మాట నన్ను అడగొచ్చుగా?"

"అడగాల్సింది," అంది కిబిబి. ఆ సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయింది.

కిబిబి రెండో కూతురి పెళ్ళి కుదిరినప్పుడు, వంటకొచ్చే ఆడవాళ్ళందరికీ ఒకే కంగా వేయించడానికి ఇద్దరూ కలిసే సౌము దగ్గరికి వచ్చారు.

"ఈసారి అంతా నీ ఇష్టం," అంది జుహురా. "కాకపోతే మూలన ఒక్క గులాబీ..."

"పిన్నీ!"

"సరే సరే, వద్దులే."

నీలిరంగు మీద తెల్లగా ఒక పెద్ద వంటగిన్నె, చుట్టూ ఏమీ లేదు. కింద లావుపాటి అక్షరాల్లో 'ఈ ఇంటికి అందరూ రండి' అని మాత్రమే. సౌము ఈసారి బల్ల మీద చూసి సరిపెట్టుకోలేదు. తనే చుట్టుకుని, చెల్లెలికీ చుట్టి, సందు ఆ చివరికి నడిపించి చూసింది. మడత పడే చోటు వదిలి మాటను పక్కకు జరిపింది.

పెళ్ళిరోజు సౌము కిబిబి గుమ్మం దగ్గరే ఆగి చూసింది. పెరడు ఆ చివర పొయ్యి చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళందరి నడుముల మీదా ఆ మాట స్పష్టంగా కనబడుతోంది. అంతలో బియ్యం ఏరడానికి వాళ్ళలో సగం మంది చాపల మీద చతికిలబడ్డారు. వాక్యం కాస్తా వాళ్ళ కిందికి వెళ్ళిపోయింది.

'ఇంకో నాలుగు వేళ్ళు పైకి జరపాలి' అనుకుంది సౌము. ఆ మాట ఎవరితోనో అనేలోపే కిబిబి ఉల్లిపాయల పళ్ళెం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. సౌము కూడా అందరితో పాటు చాప మీద కూర్చుని, కత్తిపీట దగ్గరికి లాక్కుంది.