వెచ్చని చోటు

మా ఆయన తొమ్మిదేళ్ళుగా ఒక పేరు నోటంట పలకలేదు. "ఆ కుర్రాడు" అంటాడు, "పెలాగియా కొడుకు" అంటాడు, మరీ తప్పనప్పుడు దగ్గి ఊరుకుంటాడు. అలాంటి మనిషి దగ్గరికి పెలాగియా పిన్ని సోమవారం పొద్దున్నే వచ్చి, "స్ట్రాటిస్, నా కూతురి బిడ్డకి జ్ఞానతండ్రివి నువ్వే. ఆదివారం చర్చిలో పేరు నువ్వే చెప్పాలి" అని చెప్పి వెళ్ళిపోయింది. ఏం పేరని అడిగే పని లేదు. చనిపోయిన మేనమామ పేరు పుట్టినవాడికి పెట్టడం మా దీవిలో మామూలే. ఆ పేరు జ్ఞానస్నానం నీళ్ళ దగ్గర అందరికీ వినపడేలా చెప్పాల్సింది జ్ఞానతండ్రే.

ఆవిడ అటు వెళ్ళగానే మా ఆయన బల్ల దగ్గర కూలబడ్డాడు.

"నా వల్ల కాదే, మెర్సీనీ."

"ఏం, నోరు పడిపోయిందా? జ్ఞానతండ్రిగా రమ్మంటే కాదన్నవాణ్ణి ఈ ఊళ్ళో చూశావా?"

"కాదనను. కానీ ముందు ఆవిడకి జరిగింది చెప్పాలి. చెప్పకుండా ఆ బిడ్డని ఎత్తుకోలేను."

నాకు ఒళ్ళు మండింది. "చెప్పావంటే ఆ ముసలిదాన్ని నీ చేత్తో చంపినట్టే. నీ బరువు దించుకోవడానికి ఆవిడ నెత్తిన బండ పెడతావా? నోరు మూసుకుని పేరు చెప్పి రా."

ఆయన తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చేతుల కథ చెప్పాలంటే కల్లియోపి కథ చెప్పాలి.

కల్లియోపి మా దీవుల మధ్య తిరిగే ఓడ. నిమ్మకాయలు, మేకలు, కొత్త పెళ్ళికూతుళ్ళు, అన్నీ దాంట్లోనే. మా ఆయన దాని సరంగు. డెక్కు మీద పనివాళ్ళందరికీ పెద్ద. యుద్ధం రాగానే నౌకాదళం వాళ్ళు ఓడని తీసుకుని, బెంచీలు పీకేసి, బూడిద రంగు పూసి, సైనికుల్ని ఎక్కించడం మొదలుపెట్టారు. ఓడతో పాటు మా ఆయనా సర్కారు మనిషయ్యాడు. అల్బేనియా కొండల్లో పోరాడేవాళ్ళని అవతలి ఒడ్డుకి చేర్చడం, అక్కడ మంచుకి కాళ్ళు పాడైనవాళ్ళని వెనక్కి తేవడం, ఇదే పని. పోయేటప్పుడు ఓడ నిండా పాటలు. వచ్చేటప్పుడు గోనెపట్టాలు చుట్టిన పాదాలు. మా రేవులో దిగిన వాళ్ళలో వేళ్ళు మిగిలినవాడే అదృష్టవంతుడు. తల్లులందరూ ఆ పాదాలు చూశారు.

అందుకే తన కొడుకు ఓడ ఎక్కే రోజున పెలాగియా పిన్ని మా ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. "వీడికి దగ్గు, నాయనా. చలిలో మాత్రం పెట్టకు. నీకు పుణ్యముంటుంది" అంది. నేను పక్కనే ఉన్నాను. మా ఆయన ఊరివాళ్ళ మాట కాదనే మనిషి కాదు.

ఓడలో అన్నిటికన్నా కింద, ఇంజను గది గోడకి ఆనుకుని ఒక చోటుంది. చలికాలంలో రొట్టెల పొయ్యి వెనకాల కూర్చున్నంత హాయి. అక్కడ అప్పటికే ప్రొకోపిస్ అనేవాడు పడుకుని గురక పెడుతున్నాడు. పక్క ఊరి మంగలి. మా ఆయన వాణ్ణి మెడ పట్టి లేపి, డెక్కు మీదికి తోలేసి, ఆ చోట్లో మా ఊరి కుర్రాణ్ణి పడుకోబెట్టి, తన దుప్పటి కప్పాడు. ప్రొకోపిస్ మెట్లెక్కుతూ ఏడు తరాలకి సరిపడా తిట్టాడట.

పొద్దెక్కాక శత్రువుల విమానం వచ్చింది. బాంబు ఇంజను గదిలోనే పడింది. డెక్కు మీదివాళ్ళు సముద్రంలోకి దూకారు, పడవలవాళ్ళు ఏరుకున్నారు. కింద పడుకున్నవాళ్ళలో ఒక్కడూ పైకి రాలేదు. మా ఆయన నిచ్చెన పట్టుకుని కిందికి దిగబోయాడు. ఆవిరి ఎగదన్నింది. అరచేతుల చర్మం ఆ ఇనుముకే అంటుకుపోయింది.

ఇంటికి చేరాక పెలాగియా పిన్నికి ఆయన చెప్పింది ఒకటే ముక్క: "నిద్రలో పోయాడు, పిన్నీ. బాధపడలేదు." ఏ చోట పడుకున్నాడో, ఎవరు పడుకోబెట్టారో చెప్పలేదు.

అప్పట్నుంచి ఏటా పెద్దల దినాన ఆవిడ కొడుకు పేరున గోధుమలు ఉడికించి, ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు కలిపి, మొదటి పళ్ళెం మా ఇంటికే పంపుతుంది. పాదిరి గారికి కూడా తర్వాతే. మా ఆయన కళ్ళకద్దుకుంటాడు, ఒక్క గింజ మింగలేడు. పారేస్తే పాపం కదా, అన్నీ నేనే తింటాను. ప్రొకోపిస్ సంగతి ఇంకోటి. "సరంగన్న నన్ను మెడ పట్టి గెంటబట్టే ఈ కత్తి పట్టుకుని బతుకుతున్నాను, ఆయన గడ్డం గీసే భాగ్యం నాదే" అని ఎక్కడ కనపడితే అక్కడ పిలుస్తాడు. ఆ పిలుపు భరించలేక మా ఆయన గడ్డమే పెంచేశాడు.

గురువారం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. దారి పొడుగునా తిడుతూ నేనూ వెనకాలే వెళ్ళాను. పెలాగియా పిన్ని పెరట్లో కూర్చుని కవళ్ళ చేపలకి ఉప్పు పట్టించి జాడీలో పేరుస్తోంది.

"కూర్చో నాయనా."

"నిలబడే చెప్తాను, పిన్నీ. ఓడలో ఆ రోజు కుర్రాణ్ణి..."

"ఆయనకి మతి చలించింది, పిన్నీ. పట్టించుకోకు" అన్నాను నేను.

"నువ్వాగవే అమ్మాయ్. చెప్పనీ."

చెప్పాడు. ఇంజను గది గోడ, ప్రొకోపిస్‌ని గెంటడం, దుప్పటి, అంతా. "నేను ముట్టుకోకపోతే వాడు డెక్కు మీదే ఉండేవాడు. దగ్గుతూ బతికేవాడు. నేనే చంపాను" అన్నాడు. ఆవిడ చేతులు ఆగలేదు. ఒక వరస చేపలు, దాని మీద గుప్పెడు ఉప్పు.

"ప్రొకోపిస్ ఈ కథ గీసిన ప్రతి గడ్డానికీ చెప్తాడు. మా ముసలాయన గడ్డం ఎవడు గీస్తాడనుకున్నావు?"

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "తెలుసా? తెలిసే నన్ను..."

"తెలిసే. రేవులో నీ చొక్కా పట్టుకుని, చలిలో పెట్టకు అని ఏడ్చిందెవరు? నువ్వా, నేనా?"

పిల్లి ఒకటి వచ్చి చేప తల ఎత్తుకుపోయింది. ఆవిడ దాన్ని అదిలించను కూడా లేదు.

"మొదటి పళ్ళెం నీకెందుకు పంపేదాన్నో తెలుసా? 'నువ్వడిగావు గనకే కదా పిన్నీ' అని ఏదో ఒక రోజు అంటావేమోనని భయం. నోట్లో గోధుమలుంటే మాట రాదు కదా అని."

"దేవుడి తోడు, నేనెప్పుడూ అలా అనుకోలేదు."

"నేను అనుకున్నాను. పొయ్యి రాజేసినప్పుడల్లా."

మా ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. పట్టరాని ఏడుపు. నేనా, తొమ్మిదేళ్ళు మొగుడి నోరు నొక్కి ఆవిడని కాపాడుతున్నాననుకున్నదాన్ని. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆవిడ ఉప్పు చేతులు నీళ్ళతో కడుక్కుని వచ్చింది. ఆయన అరచేతులు పట్టుకుని తిప్పి చూసింది. "క్షమించానని అనను, స్ట్రాటిస్. నిన్నే కాదు, నన్నూ. ఆదివారం రా. ఆ గడ్డం తీయించుకుని రా, పిల్లాడికి గుచ్చుకుంటుంది."

శనివారం మా ఆయన ప్రొకోపిస్ కుర్చీలో కూర్చున్నాడు. వాడు పనంతా అయ్యేదాకా నోరు విప్పలేదట. వాడి జన్మలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఆదివారం పెలాగియా పిన్ని జ్ఞానస్నానానికి కాచిన నీళ్ళు కెటిల్లో తెచ్చింది. చర్చి గడప దాకా వచ్చి ఆగి, కెటిల్ నా చేతిలో పెట్టింది. "తొట్టిలో నువ్వే కలుపు, మెర్సీనీ. ఎంత వెచ్చన సరిపోతుందో నాకు తెలీదు" అంది. కాసిని పోసి, మోచెయ్యి ముంచి చూసి, మళ్ళీ కాసిని పోశాను.

మా ఊళ్ళో పేరు చెప్పేదాకా తల్లీ అమ్మమ్మా బయటే ఉండాలి. బిడ్డని ఎత్తుకుని మా ఆయన తొట్టి పక్కన నిలబడ్డాడు. పేరేమిటని పాదిరి గారు అడిగారు. మా ఆయన అలవాటుగా దగ్గాడు. పాదిరి గారు మళ్ళీ అడిగారు.

"ఇగ్నాటిస్" అన్నాడు.

"నాకు వినపడలేదు, నాయనా" అంది పెలాగియా పిన్ని గడప అవతల్నుంచి.

"ఇగ్నాటిస్."

గుడ్డులా నున్నగా గీసిన ఆయన చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. బిడ్డని నీళ్ళలోకి దించబోతూ ఒక్క క్షణం ఆగి, అరచెయ్యి నీళ్ళలో పెట్టి చూశాడు. కాలిన ఆ చేతికి వేడీ చల్లనా ఏనాడో తెలియడం మానేసింది. ఆ సంగతి నాకూ పిన్నికీ తెలుసు. ఆయన తల తిప్పి గుమ్మం వైపు, ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ ఆచారం పక్కన పెట్టి గడప దాటింది. తొట్టి దగ్గరికి వచ్చి, నీళ్ళలో వేళ్ళు ముంచి, "సరిపోయింది, దించు" అంది.