ఇద్దరి కోసం ఎంచిన మర

రంగూన్‌లో సేక్కాన్ రేవుకి వెళ్ళే దారిలో తయ్యబ్ సేటు తుపాకుల కొట్టు ఉండేది. ముందు గదిలో గాజు బీరువాలు, వాటిలో వరసగా నిలబెట్టిన రైఫిళ్ళు, వాటిని చూడ్డానికి వచ్చే దొరలు, అడవిశాఖ ఉద్యోగులు. వెనక గదిలో కనకరత్నం, మా ఆయే అనే ఇంకో ఆవిడ. తాము కొనే తూటాలు అక్కడ ఇద్దరు ఆడవాళ్ళ చేతుల్లో తయారవుతున్నాయని ముందు గదికి వచ్చేవాళ్ళలో చాలామందికి తెలియదు.

కనకరత్నానిది భీమిలి. మొగుడు వీరన్న సేటు దగ్గర తుపాకుల కొయ్యపని చేసేవాడు. రేవు వీధుల్లో కలరా తగిలిన ఏడు అతను పోయాడు. ఓడ టిక్కెట్టు కొనిస్తాను, ఊరికి వెళ్ళిపొమ్మన్నాడు సేటు. భీమిలిలో ఆమె కోసం గుమ్మంలో నిలబడి చూసే మనిషి ఎవరూ మిగల్లేదు. ఇక్కడే ఏదైనా పని చూపించమని అడిగింది. అలా వెనక గదిలో చేరింది.

అప్పట్లో రంగూన్‌లో తెలుగు మాట ఎటు తిరిగినా వినబడేది గానీ, అది మగవాళ్ళ మాట. ఓడ దిగి, రేవులో మూటలు మోసి, కొన్నేళ్ళకి మళ్ళీ ఓడెక్కిపోయేవాళ్ళు. ఆడవాళ్ళని వెంటబెట్టుకొచ్చినవాళ్ళు బహు తక్కువ. కనకరత్నం ఉండే కూలీల బసలో ఆమె గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు మగవాళ్ళు గొంతు తగ్గించేవారు. అది మర్యాదే. కానీ ఆ మర్యాద వల్ల ఆమెతో ఎవరూ ఏమీ మాట్లాడేవారు కాదు.

మాట్లాడే మనిషి మా ఆయే ఒక్కతే. బర్మాలో ఆడవాళ్ళ పేరు ముందు 'మా', మగవాళ్ళ పేరు ముందు 'కో' పెట్టి పిలుస్తారు. ఆమె తల్లి బర్మా మనిషి. తండ్రి కళింగపట్నం వాడు, స్టీమర్లో బొగ్గు వేసేవాడు. ఆయే చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఓడెక్కి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయనతోబాటు ఆమె తెలుగు కూడా అక్కడే ఆగిపోయింది. నలభై దగ్గర పడుతున్న మనిషి పసిపిల్ల మాటలు మాట్లాడేది. ఆకలి, నిద్ర, వాన, దెబ్బ, దొంగ, వీటన్నిటికీ ఆమె దగ్గర మాటలున్నాయి. బెంగ, మొహమాటం, నమ్మకం లాంటివి నేర్చుకునే వయసు వచ్చేసరికి నేర్పే మనిషి లేకుండా పోయాడు. కనకరత్నాన్ని "అప్పా" అని పిలిచేది, అక్కా అన్నట్టు. ఆ పిలుపు వినడం కోసమే కనకరత్నం కొన్ని రోజులు జ్వరంతో కూడా పనికి వచ్చేది.

పని ఇద్దరిదీ. పేలిన తూటాల ఇత్తడి గుల్లలు బస్తాల్లో వచ్చేవి. ఆయే పట్టకారులాంటి చేతి పనిముట్టుతో గుల్ల అడుగున మందుని అంటించే పాత టోపీ తీసి, కొత్తది పెట్టి, గుల్లని సరిచేసి ఇచ్చేది. కనకరత్నం కాటాలో తుపాకిమందు తూచి పోసి, సీసపు గుండు కూర్చోబెట్టేది. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి. మాట అక్కర్లేదు గనక ఎప్పుడు కావాలంటే అప్పుడు మాట్లాడుకునేవారు, లేదంటే ఊరుకునేవారు.

నదికి అవతల తన్లిన్‌లో చమురు కర్మాగారం దొరలు గురిపోటీల క్లబ్బు పెట్టుకున్నాక బస్తాలు పెరిగాయి. పట్టకారు నొక్కీ నొక్కీ ఇద్దరి బొటనవేళ్ళూ రాత్రికి వాచిపోయేవి. అది చూసి సేటే అన్నాడు, ఇక మర కొందామని. సరుకు తెప్పించే కంపెనీలో ఏజెంటు కన్నారావు విశాఖపట్నం మనిషి. అతను రెండు మరలు పట్టుకొచ్చి వెనక గదిలో బల్లకి బిగించి, కొన్నాళ్ళు వాడి చూసి నచ్చింది ఉంచుకోమన్నాడు. ఏది ఉంచుకోవాలో కనకరత్నమే చెప్పాలన్నాడు సేటు. పని చేసే చెయ్యి ఆమెది కదా అని.

ఒకటి పెద్దది. గుండ్రటి పళ్ళెం, దాని చుట్టూ గుల్లలు నిలబెట్టే గూళ్ళు. పిడి లాగితే పళ్ళెం తిరుగుతుంది. ఒక గూట్లో టోపీ ఎక్కుతుంది, ఒక గూట్లో మందు పడుతుంది, ఇంకో గూట్లో గుండు దిగుతుంది. ఒక మనిషి కూచుని లాగుతూ ఉంటే అటునుంచి తయారైన తూటాలు రాలుతూ ఉంటాయి.

రెండోది చిన్నది, మొద్దులా ఉంది. బరువైన ఇనుప చట్రం, ఒక పిడి, ఒక్క అచ్చు పట్టే చోటు. పిడి ఒకసారి దించితే ఒకే పని. బస్తాడు గుల్లలకీ ఒక పని పూర్తి చేసి, అచ్చు మార్చి, రెండో పని మొదలుపెట్టాలి. మందు మరలో పోయడానికి లేదు. అది బయట చేత్తో తూచి పోసుకోవలసిందే.

కన్నారావు పెద్దదాన్ని మెచ్చుకుంటూ చూపించాడు. ఆయే కళ్ళింతలు చేసుకుని చూసింది. "దీనికి ఒక్క మనిషి సాలు కదా" అని అడిగింది. సాలంటే సాలన్నాడతను. కనకరత్నం ఆయే వైపు చూసింది.

నాలుగు రోజులు పెద్ద మర మీద పనిచేసింది. తేలికగానే ఉంది. వేళ్ళు నొప్పెట్టలేదు. కానీ ఒక మధ్యాహ్నం రేవులో స్టీమరు కూత పెట్టింది. అది చెన్నపట్నం వైపు వెళ్ళేది. భీమిలి మీదుగా వెళుతుందన్న ఆలోచన రాగానే ఆమె తల రేవు వైపు తిరిగింది, చెయ్యి మాత్రం పిడి లాగుతూనే ఉంది. తర్వాత అనుమానం వచ్చి ఆ పూట చేసిన తూటాలన్నీ కాటాలో పెట్టి చూస్తే ఒకటి తేలిగ్గా తూగింది. మందు పడలేదు. అలాంటిది పేలిస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దాని వెనక మరొకటి పేలిస్తే గొట్టం బద్దలై పేల్చినవాడి మొహం మీదికి వస్తుంది.

కన్నారావుకి చూపిస్తే అతను వాదించలేదు. ఈ మర మీద కూచున్నవాళ్ళు మనసు పెట్టి చెయ్యాలి, అది తాను ముందే చెప్పవలసిందన్నాడు.

"మనసు ఎప్పుడూ ఒక్కసోట ఉంటదా బాబూ" అంది కనకరత్నం.

చిన్న మరతో ఆ భయం లేదు. మందు పోసిన గుల్లలన్నీ చెక్క పళ్ళెంలో వరసగా నిలబడి ఉంటాయి. దీపం పెట్టి లోపలికి చూస్తే ఏది వెలితో, ఏది ఎక్కువో కంటికే తెలిసిపోతుంది. ఆ తర్వాతే గుండు. సేటుతో ఇదే చెప్పింది. అది నిజమే. అయితే అందులో ఆమె చెప్పని నిజం ఇంకోటి ఉంది. చిన్న మర నెమ్మది. అచ్చులు మార్చడానికి, పళ్ళేలు అందించడానికి, మందు తూచడానికి రెండో మనిషి ఉండాలి. పెద్దది ఉంచుకుంటే ఆయే ఇంటికి పోతుంది. మా ఆయే లేని ఆ గదిలో కూచోవడం కనకరత్నం ఊహించుకోలేకపోయింది.

సేటు కాసేపు గడ్డం నిమురుకుని, సరే, నీ ఇష్టమన్నాడు. కన్నారావు పెద్ద మర విప్పి తీసుకెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం కనకరత్నం బజారులో ఆగి జిలేబీ కొంది, పొద్దున్న ఆయేకి పెడదామని.

పొద్దున్న ఆయే వచ్చి బల్ల వైపు చూసింది. పెద్ద మర ఉన్న చోట నాలుగు బెజ్జాలున్నాయి. జిలేబీ పొట్లం చేతిలో పెడితే విప్పకుండా అలాగే పట్టుకుని కూచుంది.

"ఏటైంది సెల్లీ? ఒంట్లో బాగోలేదా?"

"పెద్దది ఎల్లిపోయిందా అప్పా?"

"పంపించీసాను. ఇద్దరం ఉండగా అదెందుకు?"

ఆయే పొట్లం దారాన్ని వేలికి చుట్టుకుంది. తర్వాత తల దించుకునే చెప్పింది. తన్లిన్ లాంచి మీద పనిచేసే కో ఆంగ్ ఆంగ్ అనే మనిషి ఉన్నాడు. భార్య పోయింది. మంచివాడు. వానలు పోయాక తనని పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఇల్లు తన్లిన్‌లో. ఆ మాట అనుకుని చాలా నెలలైంది.

"నాకు సెప్పలేదేం?" అంది కనకరత్నం.

"సెప్దారనే వచ్చీదాన్ని. రోజూ వచ్చీదాన్ని. అది... ఏటంటారో నాకు తెల్దు అప్పా. నోరు రాదు." ఆయే పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "పెద్ద మర వస్తే నువ్వు ఒక్కదానివే సేసుకోగలవు. అప్పుడు సేటే నన్ను పొమ్మంటాడు. నాను నిన్ను ఒగ్గీసినట్టు ఉండదు. నువ్వు పెద్దదే ఉంచుతావు అనుకున్నాను."

కనకరత్నం బల్ల మీది బెజ్జాల వైపు చూసింది. ఆయేని ఉంచుకోవడానికి తను చిన్నది ఎంచితే, తనకి కష్టం లేకుండా వెళ్ళాలని ఆయే పెద్దది కోరుకుంది. ఇన్నేళ్ళు ఎదురెదురుగా కూచుని ఒకరి వేళ్ళు ఒకరు చూసుకున్నారు గానీ, మనసులో మాట అడుక్కోలేదు. చివరికి, "పోనీలే, మంచోడే కదా. సాలు" అంది. జిలేబీ తినమంది. ఆయే తింది. ఏడుస్తూనే తింది, పిల్లలు తిన్నట్టు.

వానలు తగ్గాక ఆయే వెళ్ళిపోయింది. సంగతి తెలిసి సేటు కనకరత్నాన్ని పిలిచాడు. పెద్ద మర ఇంకా కన్నారావు గోదాములోనే ఉంది, మార్చుకుందామా అని అడిగాడు. ఆమె ఒక పూటంతా ఆలోచించింది. ఇప్పుడు తన మనసు మునుపటికన్నా ఎక్కువ తిరుగుతుందని ఆమెకి తెలుసు. ఆ తిరుగుడులో తయారైన తూటా ఎవరి మొహం మీద పేలుతుందో తెలియదు. వద్దంది. మరో మనిషిని పెడతానంటే దానికీ ఇప్పట్లో వద్దంది. తూటాలు కాస్త ఆలస్యంగా వెళ్ళినా క్లబ్బువాళ్ళు ఏమీ అనలేదు.

అలా ఆమె ఇద్దరి చేతుల పని కాస్తా ఒక్కతే చేసుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజంతా పాత టోపీలు తియ్యడం. మర్నాడంతా గుల్లలు సరిచెయ్యడం. ఆ పై రోజు మందు తూచడం. పిడి దిగినప్పుడు ఒక చప్పుడు, లేచినప్పుడు ఒక చప్పుడు. ఎదుటి మనిషి అందించే గుల్ల కోసం ఎడమచెయ్యి చాలా రోజులు దానంతటదే ముందుకి వెళ్ళేది. వెళ్ళి, ఏమీ అందక, తిరిగి వచ్చేది. దాన్ని ఆపడానికి ఆమె పనిలో కొంగు చేతికి చుట్టుకునేది.

చలి రోజుల్లో ఒక ఆదివారం లాంచి ఎక్కి తన్లిన్ వెళ్ళింది. ఆయే ఇల్లు వెదురు గోడల ఇల్లు, ఏటికి దగ్గర. అత్తగారు, ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు, ఇంటినిండా జనం. అందరూ బర్మా భాషలో మాట్లాడుతూ ఆమెకి చేపల పులుసు, అన్నం పెట్టారు. ఆంగ్ ఆంగ్ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి, ఏం కావాలన్నా తెప్పిస్తానన్నట్టు నవ్వుతున్నాడు. మంచివాడేనని ఆమెకి తెలిసింది. ఆయే కాస్త ఒళ్ళు చేసింది. అటు అందరితోనూ గలగలా మాట్లాడుతోంది, చమత్కారంగా కూడా మాట్లాడుతున్నట్టుంది, అందరూ నవ్వుతున్నారు. ఆ ఆయేని కనకరత్నం ఎప్పుడూ చూడలేదు. ఆమె నలభై ఏళ్ళ మనిషని మొదటిసారి అనిపించింది.

ఇద్దరే మిగిలినప్పుడు తెలుగు వెతుక్కుంటూ మాట్లాడింది. చాలా మాటలు సగంలో ఆగాయి. చేతుల్లో పని లేదు గనక ఇద్దరికీ ఎటు చూడాలో తెలియలేదు.

"మర ఎలా ఉంది అప్పా?"

"మంచిదే. నాను ఎటు సూసినా అది తప్పు సెయ్యదు."

"బాధగా ఉందా?"

ఆ మాట ఆయేకి ఎక్కడ దొరికిందో. కనకరత్నం వెంటనే లేదందామనుకుంది.

"ఉంది" అంది.

ఆయే ఆమె బొటనవేలు తీసుకుని వాపుందేమోనని తిప్పి తిప్పి చూసింది. వాపు లేదు. అయినా చాలాసేపు నొక్కుతూ కూచుంది. లాంచి వేళయిందని ఆంగ్ ఆంగ్ వచ్చి పిలిచేదాకా వదల్లేదు.

తిరుగు లాంచిలో కర్మాగారం నుంచి సెలవు మీద వస్తున్న తెలుగు కూలీలు ఉన్నారు. ఆమెని చూసి గొంతులు తగ్గించుకుని, కూచోమని బల్ల చివర చోటిచ్చారు. ఆమె కూచుంది. నీళ్ళ మీద ఎండ వాలుతోంది. ఎక్కడికి వెళ్ళి వస్తున్నావని ఎవరూ అడగలేదు. అడిగితే, మా సెల్లెలింటికి అని చెబుదామనుకుంది.

మర్నాడు కొట్టు తెరవగానే వెళ్ళి పనిలో కూచుంది. మందు తూచవలసిన రోజు అది. మధ్యాహ్నం దాకా ఆమెకి ఎవరితోనూ మాట అవసరం పడలేదు.